ఢిల్లీ పోయేముందు ఏవేవి బుక్ చేసుకోవాలె?

ప్రశ్న: అక్కా నమస్తే. మాది మిర్యాలగూడ. సంక్రాంతి సెలవులల్ల ఢిల్లీ పోదామనుకుంటున్నం. అత్తమ్మ, మామయ్య, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మా ఆడపడుచు, మొత్తం ఏడుగురం. మామయ్యకు రాష్ట్రపతి భవన్ లోపల చూడాలని ఎప్పటిసంది ఉంది, పిల్లలేమో ఎర్రకోట, తాజ్‌మహల్ అంటున్నరు. మా ఆయన మాత్రం "అక్కడికి పోయినంక చూసుకుందాం తియ్" అంటడు. నిజంగ ముందుగాల బుక్ చేసుకోవాల్నా? - ఒక పాఠకురాలు

జవాబు: మీ ఆయన మాట ఎర్రకోట కాడ నడుస్తది గానీ రాష్ట్రపతి భవన్ కాడ నడవది చెల్లే. దానికి వాళ్ల వెబ్‌సైట్లనే రోజు, టైం స్లాట్ పట్టుకోవాలె, అందరి పేర్లు ఎక్కించాలె, పోయేటప్పుడు ఒరిజినల్ ఐడీ కార్డులు జేబుల ఉండాలె. పైగా మీరు పోయేది జనవరి. రిపబ్లిక్ డే పరేడ్ రిహార్సల్స్, సెక్యూరిటీ అని ఆ నెలల కొన్ని రోజులు భవన్ గానీ ఎర్రకోట గానీ జనాన్ని రానియ్యరు, అందుకే ముందు అక్కడ ఏ రోజులు తెరిచుంటయో చూసి తర్వాతనే మిగతా ప్లాన్ వేసుకోండ్రి.

అసలు చిక్కు సోమవారంతోనే. రాష్ట్రపతి భవన్, ఎర్రకోట, అక్షర్‌ధామ్, లోటస్ టెంపుల్, ప్రధానమంత్రి సంగ్రహాలయ (మన ప్రధానుల మ్యూజియం), అన్నీ సోమవారమే బంద్. ఆదివారం రైలెక్కి సోమవారం దిగిన్రనుకో, ఇగ కుతుబ్ మినార్, హుమాయూన్ సమాధి, ఇండియా గేట్ చూసుకుంట తిరుగుడే. తాజ్‌మహల్‌కేమో శుక్రవారం సెలవు. కాబట్టి సోమవారం పొద్దున హైదరాబాద్‌ల తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మంగళవారం పొద్దున ఢిల్లీల ఉంటరు, అది తెల్లారంగనే పోతది గనుక మీరు ముందురోజు రాత్రికే హైదరాబాద్ చేరాలె. ఒకటి గుర్తుపెట్టుకోండ్రి, దిగిన రోజు ఏ స్లాటూ పెట్టుకోవద్దు, జనవరిల అటుదిక్కు పొగమంచుకు రైళ్లు గంటలకు గంటలు లేటైతయి.

రైలు టికెట్లు 60 రోజుల ముందుగాల తెరుస్తరు, ఇదివరకు 120 ఉండె, 2024 నవంబర్ నుంచి తగ్గించిన్రు. అంటే సంక్రాంతికి నవంబర్ నడిమిట్లనే కూసోవాలె. ఐఆర్‌సీటీసీల ఒక టికెట్ మీద ఆరుగురికంటే ఎక్కువ ఎక్కియ్యరాదు, ఎట్లయినా రెండు టికెట్లు తీసుడే కాబట్టి అత్తమ్మ, మామయ్యలది వేరే టికెట్ చేయండ్రి. ఎందుకంటే సీనియర్ల లోయర్ బెర్త్ కోటా ఒక టికెట్ మీద ఒక్కరో ఇద్దరో ఉన్నప్పుడే ఇస్తరు, ఆడవాళ్లకు 45, మగవాళ్లకు 60 ఏండ్లు నిండి ఉండాలె. అందర్నీ కలిపి కొడితే మామయ్య పై బెర్త్ ఎక్కాల్సి వస్తది, ఇగ ఢిల్లీ దాకా మీకు వినుడే.

ఎర్రకోట, కుతుబ్ మినార్, తాజ్‌మహల్ టికెట్లు ఫోన్‌లనే తీసుకుంటే లైన్ల నిలబడే బాధ ఉండది, 15 ఏండ్ల లోపు పిల్లలకు టికెట్టే లేదు. తాజ్‌ల మెయిన్ సమాధి చూడాలంటే పెద్దవాళ్లకు ఇంకో 200 పెట్టాలె, అది మర్చిపోకుండ్రి. అక్షర్‌ధామ్ లోపలికి ఫోన్లు, బ్యాగులు రానియ్యరు, అక్కడ క్లోక్‌రూంల పెట్టాలె, ఫొటోలు దిగుదామని ఎవరన్నా అనుకుంటే ముందే చెప్పండ్రి. టైం ఉంటే తీన్‌మూర్తి కాడ ప్రధానమంత్రి సంగ్రహాలయ చూడండ్రి, 2022ల తెరిచిన్రు, మన పీవీ గురించి కూడా ఉంటది.

ఒకవేళ భవన్ స్లాట్ దొరకకపోతే బొల్లారంల రాష్ట్రపతి నిలయం ఉంది కదా, 2023 నుంచి జనాన్ని రానిస్తున్నరు, అదే వెబ్‌సైట్ల బుక్కయితది, డిసెంబర్‌ల రాష్ట్రపతి వచ్చినప్పుడు తప్ప. మామయ్యకు మాత్రం ఈ సంగతి ఇప్పుడే చెప్పకుండ్రి, ఢిల్లీ ఖర్చెందుకు హైదరాబాద్‌లనే చూస్త అంటడేమో.