పక్షవాతం తర్వాత కాలికి ఇంట్లో వ్యాయామం

ప్రశ్న: మా నాన్నగారి వయసు 61. నాలుగు నెలల క్రితం పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. ఇప్పుడు చేతికర్ర పట్టుకుని నాలుగడుగులు వేయగలుగుతున్నారు కానీ, పాదం నేలకు రాసుకుంటోంది. రోజూ పడుకోబెట్టి మర్దన చేసి, కాలిని మేమే ముడిచి చాపుతున్నాం. ఇంకేం చేయించాలి?

జవాబు: మీరు కాలిని ముడిచి చాపడం వల్ల కీళ్లు బిగుసుకుపోకుండా ఉంటాయి, అంతవరకు మంచిదే. అయితే ఆ కదలికలో శ్రమ మీది, ఆయనది కాదు. పక్షవాతంలో దెబ్బతినేది కాలు కాదు, దాన్ని నడిపే మెదడు భాగం. ఆ పనిని మెదడులోని మిగతా భాగాలు అందుకోవాలంటే, ఆయన తనంతట తాను ప్రయత్నిస్తూ ఒకే పనిని పదే పదే చేయాలి. తొలి మూడు నెలల్లో కోలుకునే వేగం ఎక్కువన్నది నిజమే గానీ, ఆ గడువు దాటాక ఇక మార్పు రాదనుకోవడం పొరపాటు.

నన్నడిగితే, కుర్చీలోంచి లేచి నిలబడటానికే మొదటి స్థానం ఇస్తాను. చేతులున్న గట్టి కుర్చీని గోడకు ఆనించి వేయండి. ఆయన అంచుకు జరిగి కూర్చుని, ఎడమ పాదాన్ని కుడి పాదం కంటే నాలుగు వేళ్లంత వెనక్కి పెట్టాలి. లేకపోతే తెలియకుండానే బరువంతా కుడికాలి మీదికి పోతుంది. ముఖం కాలివేళ్లకు సూటిగా పైకి వచ్చేదాకా ముందుకు వంగి లేవాలి, అంతే నెమ్మదిగా కూర్చోవాలి. దబ్బున కూలబడితే సగం వ్యాయామం పోయినట్లే, ఎందుకంటే కిందికి దిగేటప్పుడు కూడా తొడ కండరం గట్టిగానే పనిచేస్తుంది. మొదట ఐదారుసార్లు చేయించి, కాసేపు ఆగి, మళ్లీ చేయించండి. లేవడం కష్టంగా ఉంటే ఇంకాస్త ఎత్తయిన కుర్చీ వాడండి. మీరు ఎడమవైపు నిలబడి నడుము దగ్గర ఆసరా ఇవ్వండి, అంతేగానీ ఎడమ చెయ్యి పట్టి లాగకండి. పట్టు తప్పిన భుజం కీలు జారిపోవచ్చు. మొదటిసారి దీన్ని ఫిజియోథెరపిస్టు ఎదుటే చేయించడం మేలు.

ఇక పాదం సంగతి. కూర్చుని, మడమ నేలకు ఆన్చి, పాదం ముందుభాగాన్ని పైకెత్తే ప్రయత్నం చేయించండి. ఎంతకీ లేవకపోతే చీలమండకు ఆసరా ఇచ్చే స్ప్లింట్ గురించి అడగండి; దాన్ని తొడుక్కోవడం ఓటమి కాదు, పడిపోకుండా నడవడానికి ఒక దారి.

ఒక పిక్క మాత్రమే వాచి, నొప్పిగా, వెచ్చగా ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అప్పుడు ఆ కాలికి మర్దన, వ్యాయామం రెండూ ఆపేసి, అదేరోజు డాక్టరుకు చూపించండి.