31 ఏళ్లకి నర్సింగ్ చదవాలంటే చిట్టీ డబ్బు ఫీజుకి కట్టేయాలా?

ప్రశ్న: సార్, మాది గాజువాక. నాకు 31, ఇద్దరు పిల్లలు. మా ఆయనది కాంట్రాక్ట్ జాబ్, నెలకి 21,000. నేను మెడికల్ షాపులో బిల్లింగ్ చూస్తాను, 13,500 ఇస్తారు. ఇంటి ఖర్చు 29,000, అందులో టీవీ, ఫోన్ ఈఎంఐలే 3,000, ఇంకో 6 నెలలున్నాయి. ఇంటర్ సీఈసీతో పాసయ్యాను. నర్స్ అవ్వాలని ఎప్పట్నుంచో ఉంది. సీఈసీ అయినా పర్లేదు, 50,000 అడ్వాన్స్ కడితే బీఎస్సీ నర్సింగ్ సీటు ఇప్పిస్తానని ఒకాయన అంటున్నాడు. చిట్టీ డబ్బు 1,40,000 ఉంది. అది ఫీజుకి కట్టేసి, ఇల్లు గడవకపోతే బంగారం తాకట్టు పెడదామనుకుంటున్నాం. సరైనదేనా?

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ 50,000 ఆపండి, ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా ఎవరి చేతిలో పెట్టకండి. బీఎస్సీ నర్సింగ్‌కి ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీష్ ఉండి తీరాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ రూలు, మార్కులు కూడా 45 శాతం ఉండాలి, ఎస్సీ ఎస్టీలకైతే 40. డబ్బు కట్టించుకుని క్లాసులో కూర్చోబెట్టినా రేపు కౌన్సిల్ రిజిస్ట్రేషన్ దగ్గర ఆగిపోతారు, రిజిస్ట్రేషన్ లేకపోతే నర్స్‌గా ఎక్కడా చేరలేరు. నా దగ్గరికి వచ్చే కంచరపాలెం ఆవిడ ఒకరు ఇలాగే అడ్వాన్స్ కట్టి మూడేళ్లుగా తిరుగుతూనే ఉంది, రూపాయి వెనక్కి రాలేదు. మీ మెసేజ్ చూడగానే ఆవిడే గుర్తొచ్చింది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

ఇప్పుడు దారి సంగతి. ఎన్‌ఐఓఎస్ అని సెంట్రల్ గవర్నమెంట్ ఓపెన్ స్కూల్ ఉంది కదా, దాంట్లో సైన్స్ సబ్జెక్టులతో ఇంటర్ చేస్తే నర్సింగ్ కౌన్సిల్ ఒప్పుకుంటుంది. మెడికల్ షాపు ఉద్యోగం మానక్కర్లేదు. పబ్లిక్ ఎగ్జామ్స్ ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మే ఒకటి, అక్టోబర్-నవంబర్ ఒకటి, రిజిస్ట్రేషన్ 5 ఏళ్లు చెల్లుతుంది కాబట్టి అన్నీ ఒకేసారి రాయక్కర్లేదు. మొదటిసారి బయాలజీ, ఇంగ్లీష్ రాయండి, ఫిజిక్స్ కెమిస్ట్రీ తర్వాత. విడిగా నాలుగు సబ్జెక్టులు మాత్రమే కట్టే వీలుంది గానీ నా మాట వినండి, ఐదు సబ్జెక్టులతో ఫుల్ సర్టిఫికెట్టే తీసుకోండి, సీటు టైంలో సర్టిఫికెట్ వెరిఫికేషన్ దగ్గర వాదించే పని ఉండదు. ఇంకోటి, ఇక్కడ చాలామంది దెబ్బతినేస్తారు: ఎన్‌ఐఓఎస్‌లో పాస్ మార్కు 33, నర్సింగ్‌కి కావాల్సింది 45. ఊరికే పాసైతే సరిపోదు.

జీఎన్ఎం అనే మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా కోర్సు కూడా ఉంది, దానికి బైపీసీనే ఉండాలని లేదు, సీఈసీ అయినా ఇంటర్‌లో 40 శాతం, ఇంగ్లీష్‌లో విడిగా 40 ఉంటే చాలు, వయసు 35 దాటకూడదు. మీ ఇంటర్ మెమో తీసి ఇంగ్లీష్ మార్కు ఇవాళే చూసుకోండి.

ఇక డబ్బు. ఏ కోర్సయినా పగలంతా క్లాసు, హాస్పిటల్ డ్యూటీ, 80 శాతం అటెండెన్స్, ప్రాక్టికల్స్ అయితే చివరికి నూటికి నూరూ పూర్తి చేయాలి. అంటే మీ 13,500 ఆగిపోతుంది, అదే మీకు అసలు ఫీజు, కాలేజీ వాళ్లిచ్చే కాగితంలో అది ఎక్కడా ఉండదు. ఖర్చు 29,000, ఆయన జీతం 21,000, నెలకి 8,000 తక్కువ. ఈఎంఐలు తీరినా కొత్తవి తీసుకుంటూ ఇదే తేడా సాగితే జీఎన్ఎం 36 నెలలకి 2,88,000, బీఎస్సీ 48 నెలలకి 3,84,000, ఇది ఒక్క రూపాయి ఫీజు కట్టకముందే. ఆ టైంలో బంగారం తాకట్టు పెడితే వడ్డీ ఎక్కడినుంచి కడతారు, అది విడిపించడం అయ్యే పని కాదు.

అందుకే మీరనుకున్నది తిరగెయ్యండి. చేతిలో డబ్బు ఇంటికి, అప్పు ఫీజుకి. ఎందుకంటే బ్యాంకు చదువుకి అప్పిస్తుంది, బియ్యానికి, అద్దెకి ఇవ్వదు. ఎడ్యుకేషన్ లోన్ మామూలుగా 4 లక్షల దాకా ఆస్తి తాకట్టు అడగరు, మార్జిన్ డబ్బు (ఫీజులో మన చేతి వాటా) కూడా పెట్టక్కర్లేదు, మీ ఆయన కో-అప్లికెంట్‌గా సంతకం పెడతారు, కోర్సు అయ్యాక ఏడాది దాకా కిస్తీ మొదలవ్వదు. వడ్డీ మాత్రం ఆ టైంలో కూడా పడుతూనే ఉంటుంది, వీలైన నెలల్లో వడ్డీ వరకైనా కట్టెయ్యండి. కాలేజీకి గుర్తింపు ఉందో లేదో బ్యాంకు వాళ్లూ చూస్తారు, మీకు అదీ మంచిదే.

ఓపెన్ ఇంటర్‌కి ఏడాదిన్నర పడుతుందనుకుందాం. ఇప్పుడు నెలకి మిగిలేది 5,500, ఆరు నెలలకి 33,000. ఈఎంఐలు తీరాక కొత్తది ఏదీ తీసుకోకపోతే (దసరా ఆఫర్లు వస్తాయి, చూడకండి) నెలకి 8,500, పన్నెండు నెలలకి 1,02,000. చిట్టీ డబ్బుతో కలిపి 2,75,000. అప్పటికి ఇంటి ఖర్చు 26,000, తగ్గేది నెలకి 5,000. జీఎన్ఎం అయితే 1,80,000 పోయి 95,000 మిగులుతుంది, బీఎస్సీ అయితే 2,40,000 పోయి 35,000 మాత్రమే, పిల్లల స్కూలు ఫీజులు పెరుగుతాయి, ఓపెన్ ఇంటర్ ఖర్చూ ఇందులోంచే కాబట్టి అది చాలదు. బస్సు ఖర్చు మాత్రం లెక్కెయ్యలేదు, సిటీ బస్సుల్లో ఆడవాళ్లకి ఫ్రీ కదా. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తే సంతోషం, ప్లాన్‌లో మాత్రం వెయ్యకండి.

ఆ 1,40,000 ఒకే ఎఫ్‌డీ చెయ్యకుండా 20,000 చొప్పున ఏడు ఎఫ్‌డీలు చెయ్యండి, అవసరమొస్తే ఒకటి తెంపుకుంటే సరిపోతుంది. మళ్లీ చిట్టీ వద్దు, షేర్లు అసలే వద్దు. మీరు చదివే రోజుల్లో ఇల్లంతా మీ ఆయన జీతం మీదే నడుస్తుంది, ఆయనకి ఇన్సూరెన్స్ లేకపోతే ముందు ఆ పని చూడండి, కనీసం బ్యాంకులో ఏడాదికి 436 కట్టే జీవన్ జ్యోతి (జీవిత బీమా), 20 రూపాయల సురక్ష బీమా (ప్రమాద బీమా) రెండూ పెట్టించండి.

నన్నడిగితే, మొదటి రిజల్ట్‌లో 50 పైన వస్తే బైపీసీ పూర్తి చేసి బీఎస్సీకి లోన్ పెద్దదిగా ప్లాన్ చేద్దాం, రాకపోతే జీఎన్ఎం చేరి, ఉద్యోగం వచ్చాక రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ (జీఎన్ఎం చేసినవాళ్ల కోసం ఉన్న డిగ్రీ) చెయ్యొచ్చు. నాకైతే మీ ఇంటి లెక్కకి జీఎన్ఎం దారే ఎక్కువ కుదురుతుందనిపిస్తోంది, ముఖ్యంగా 35 గీత దగ్గర్లో ఉంది కాబట్టి. ఆ మార్కులు, అప్పటికి అకౌంట్లో ఎంత పోగైందో రెండూ రాసి పంపండి, లోన్ ఎంత పెట్టాలో అప్పుడు కూర్చుని లెక్కేద్దాం.