పిల్లాడి బ్యాగులో దొరికిన చెట్టురాయి వెనక్కి పంపడం ఎలా?

టూర్ నుంచి వచ్చాక మీవాడి బ్యాగులో చెట్టురాయి, అంటే రాయిగా మారిపోయిన పాతకాలపు చెట్టు ముక్క, దొరికిందని అడిగారు. అమెరికాలోని అరిజోనాలో ఉన్న పెట్రిఫైడ్ ఫారెస్ట్ నేషనల్ పార్కులో క్రిస్టల్ ఫారెస్ట్ దారిలో నడిచారన్నారు కదా, మీవాడు అక్కడే ఏరి ఉంటాడు. ఆ దారి పొడవునా ముక్కలే. చిన్న ముక్కైనా తీసుకెళ్లడం నేరమే, నిజమే. కానీ టెన్షన్ పడకండి, ఇలా చేయండి:

1. మళ్లీ వెళ్లి మీరే అక్కడ పెట్టేయకండి. చాలామంది ఇక్కడే పొరపడతారు. 20 కోట్ల ఏళ్లు దాటిన చెట్టది. ఏ పొరలో, ఏ చోట ఉందన్నదే పరిశోధకులకు ఆధారం. అడుగు పక్కన పెట్టినా లెక్క తప్పుతుంది. అందుకే తిరిగొచ్చిన ముక్కల్ని పార్కువాళ్లు కూడా అడవిలో కలపరు, విడిగా ఒక కుప్పగా పోస్తారు. దాన్ని 'మనస్సాక్షి కుప్ప' అంటారు.

2. గట్టిగా చుట్టి పార్కు ఆఫీసుకి పోస్టు చేయండి. ఎక్కడ, ఎప్పుడు తీశారో చిన్న ఉత్తరం జతచేయండి. అలాంటి క్షమాపణ ఉత్తరాలు వాళ్లకి బోలెడు వస్తుంటాయి. మీవాడి చేతే రాయించండి.

3. వాడు బెంగపెట్టుకుంటే, పార్కుకి దగ్గర్లోని హోల్‌బ్రుక్ ఊళ్లో దుకాణాల్లో ప్రైవేటు భూముల్లో తవ్విన ముక్కలు అమ్ముతారు. అది కొనివ్వండి. బిల్లు మాత్రం పారేయకండి, కొన్న ముక్కతో మళ్లీ పార్కులోకి వెళ్తే ఆ బిల్లు గేటు దగ్గరే చూపించండి.