చిన్నా, ముందు పెన్‌డ్రైవ్ మీద నడిపి చూడు

ఒరేయ్ చిన్నా,

నిన్న ఫోన్లో విండోస్ బదులు ఆర్చ్ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తానన్నావు, మారతహళ్లి పీజీలో మీ రూమ్మేట్ అదే వాడుతున్నాడని. వద్దు నాన్నా. ఆర్చ్ మంచిదే, కానీ దానికి అప్‌డేట్లు ఎప్పటికప్పుడు వచ్చిపడుతూనే ఉంటాయి, ఏదైనా తేడా చేస్తే బాగుచేసుకోవడం నీకే వచ్చి ఉండాలి. వచ్చే నెల నుంచి నీకు ఇంటర్వ్యూలు. మీ నాన్న ఇచ్చిన ఆ పాత ల్యాప్‌టాప్ మూత తీస్తే పనిచేయాలి, ఇప్పటికి నీకు కావాల్సింది అదే.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, నీ మెషీన్ 11కి పనికిరాదన్నావు, కాబట్టి మారాలన్న ఆలోచన సరైనదే. లినక్స్‌లోనే ఇంకో రకం, లినక్స్ మింట్ 22 వేసుకో. ఉబుంటు 24.04 అనే మరో లినక్స్ ఆధారంగా చేసింది, 2029 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. అందులో సినమన్, మాటే, ఎక్స్‌ఎఫ్‌సీఈ అని డెస్క్‌టాప్‌లు మూడు రకాలుంటాయి, నీది 4 జీబీ ర్యామ్ కాబట్టి తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ తీసుకో. అయినా బ్రౌజర్లో పది ట్యాబులు తెరిస్తే ఏ డిస్ట్రోకైనా, అంటే ఏ రకం లినక్స్‌కైనా, ఆయాసమే. వీలైతే బెంగళూరు ఎస్పీ రోడ్డులో కంప్యూటర్ షాపులకి వెళ్లి పాత హార్డ్ డిస్క్ తీయించి, దానికన్నా చాలా వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ పెట్టించుకో, డిస్ట్రోలు మార్చి మార్చి చూసినా రాని తేడా దాంతో వస్తుంది. మోడల్ నంబర్ రాసుకుని వెళ్లు.

ఇక అసలు పని. 8 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకో, అందులో ఉన్నదంతా పోతుంది కాబట్టి ఖాళీది చూసుకో. మింట్ సైట్ నుంచి ఐఎస్‌ఓ ఫైల్ (మింట్ మొత్తం ఉండే ఒక్క ఫైల్) దించి, రూఫస్ అనే చిన్న విండోస్ ప్రోగ్రామ్‌తో ఆ పెన్‌డ్రైవ్ మీదకి ఎక్కించు. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూ డెల్, లెనోవో అయితే ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎఫ్9 నొక్కి, పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చెయ్యి, అంటే ల్యాప్‌టాప్ అందులోంచే మొదలవ్వాలి. మింట్ మొత్తం అక్కడి నుంచే నడుస్తుంది, ఇన్‌స్టాల్ నొక్కనంతవరకు నీ డిస్క్‌లో ఏదీ మారదు. కాస్త నెమ్మదిగా ఉంటుంది, కంగారు పడకు. వైఫై కలుస్తోందా, యూట్యూబ్ పెడితే సౌండ్ వస్తోందా, కెమెరా పనిచేస్తోందా చూడు. మూత మూసి ఐదు నిమిషాలాగి తెరువు, స్క్రీన్ మళ్లీ వెలిగిందా లేదా అన్నది చాలామంది చూడరు, తర్వాత తలపట్టుకుంటారు. ఒక సాయంత్రమంతా అలాగే వాడు.

వైఫై కనపడకపోతే ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ పెట్టి (ఫోన్ నెట్ ల్యాప్‌టాప్‌కి ఇచ్చి), మింట్‌లోని డ్రైవర్ మేనేజర్ తెరువు. చాలాసార్లు వైఫైని నడిపే సాఫ్ట్‌వేర్, అదే డ్రైవర్, అందులోనే దొరుకుతుంది.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక్క చోట మాత్రం చెయ్యి ఆపు. విండోస్ పక్కన పెట్టుకోవాలా, డిస్క్ మొత్తం చెరిపేయాలా అని అడుగుతుంది. 2009లో అర్ధరాత్రి నిద్రమత్తులో నేను చెరిపేసేదే నొక్కాను. మీ చెల్లి అన్నప్రాశన ఫోటోలు ఆ డిస్క్‌లో తప్ప ఇంకెక్కడా లేవు. మీ పిన్ని ఆ రోజు ఒక్క మాట కూడా అనలేదు, నాకు ఇప్పటికీ గుర్తొస్తే ఏదోలా ఉంటుంది. అందుకే చెప్తున్నా, సర్టిఫికెట్లు, ఫోటోలు, నీ రెజ్యూమె అన్నీ బయటి డిస్క్‌లోకి కాపీ చేసి, అక్కడి నుంచి రెండు మూడు తెరిచి చూడు. డిస్క్‌కి తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ కాగితం మీద రాసుకో.

ఇన్‌స్టాల్ అయ్యాక ముందు అప్‌డేట్లు, వెంటనే టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రామ్ తెరిచి ఒక స్నాప్‌షాట్, అంటే సిస్టమ్ అప్పుడున్న స్థితికి ఒక కాపీ, తీసిపెట్టు. రేపు ఏదైనా అప్‌డేట్ చెడగొడితే సిస్టమ్‌ని పాత స్థితికి తెచ్చుకోవచ్చు. మామూలుగా అది నీ సొంత ఫైళ్లు కాపాడదు, వాటి బ్యాకప్ వేరే. డ్యూయల్ బూట్ (విండోస్, మింట్ రెండూ) పెట్టాక విండోస్ గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోయిందని టెన్షన్ పడకు, మింట్ టెర్మినల్లో టైమ్‌డేట్‌సీటీఎల్ అనే కమాండ్‌తో సరిచేసుకోవచ్చు, ఎలాగో నేను పంపుతా. తెలుగు టైపింగ్‌కి కీబోర్డ్ సెట్టింగ్స్‌లో తెలుగు లేఅవుట్ కలుపుకో.

ఆదివారం చెయ్యి, ఆ రోజు ఇంట్లోనే ఉంటా. కాపీ చేసిన ఫైళ్లు తెరుచుకున్నాయని ఫోన్ చేసి చెప్పు, ఆ తర్వాతే ఇన్‌స్టాల్ నొక్కు.

మీ బాబాయ్