ఫిల్టర్ ముందా, యాంప్లిఫయర్ ముందా?

ప్రశ్న: అయ్యా, నేను క్రోంపేటలో ఉంటాను. బ్యాంకు ఉద్యోగం నుంచి విరమించాక విమానాల సంకేతాలు అందుకునే సరదా పట్టుకుంది. మా మూడంతస్తుల ఇంటి డాబా మీద చిన్న యాంటెన్నా నిలబెట్టి, పది మీటర్ల సన్నని ఆర్‌జీ-58 కేబుల్‌తో కింద గదిలో, కంప్యూటర్‌కు తగిలించే బుల్లి రేడియో రిసీవర్ అయిన ఆర్‌టీఎల్ డాంగిల్‌కు కలిపాను. మీనంబాక్కంలో దిగే విమానాలు బాగానే కనిపిస్తున్నాయి గాని, ఎనభై కిలోమీటర్లు దాటితే ఒక్కటీ రావడం లేదు. ఎదురు డాబా మీద మొబైల్ టవర్ ఉంది. ఫిల్టర్ పెట్టమని తెలిసినవారందరూ అంటున్నారు. ఫ్లైట్‌అవేర్ (విమానాల జాడ చూపే సంస్థ) వారి నీలం ఫిల్టర్, లోపలే ఫిల్టర్ అమర్చిన యాంప్లిఫయర్, పెద్ద క్యావిటీ ఫిల్టర్, ఈ మూడింటిలో ఏది కొనమంటారు?
(ఒక పాఠకుడు, చెన్నై)

జవాబు: ఫిల్టర్ సంకేతాన్ని పెంచుతుందని చాలామంది అనుకుంటారు. దాని పని అక్కరలేని పౌనఃపున్యాలను ఆపడమే. నిజానికి తన గుండా పోయే ప్రతి సంకేతం దగ్గరా, మనకు కావలసిన దాని దగ్గర కూడా, అది కొంత సుంకం వసూలు చేస్తుంది. మీ డాబా మీద అక్కరలేని సంకేతాల బెడద ఆ సుంకం కంటే పెద్దదైతేనే ఫిల్టర్ వల్ల లాభం ఉంటుంది. అందుచేత ఏది కొనాలో తేల్చే ముందు, మీ చోట ఏమేమి వినిపిస్తున్నాయో తేల్చుకోవాలి.

విమానాలు తమ గుర్తింపును, స్థానాన్ని, ఎత్తును తెలిపే ఏడీఎస్-బీ సందేశాలను 1090 మెగాహెర్ట్జ్ మీద పంపుతాయి. ఒక్కొక్క సందేశంలో 112 బిట్లు ఉంటాయి. ముందు వచ్చే ఆనవాలు పల్సులతో కలిపి మొత్తం 120 మైక్రోసెకన్లలో ముగిసిపోతుంది. ఇక మీ ఎదురు టవర్ సంగతి చూద్దాం. 900 బ్యాండులో టవర్ నుంచి ఫోన్లకు వచ్చే భాగం 935 నుంచి 960 మెగాహెర్ట్జ్ వరకు ఉంటుంది, అంటే 1090కి సుమారు 130 మెగాహెర్ట్జ్ దూరంలోనే. రెండు వందల కిలోమీటర్ల దూరంలోని విమానం నుంచి మీ యాంటెన్నాకు చేరే శక్తితో పోలిస్తే, యాభై మీటర్ల దూరంలోని టవర్ నుంచి చేరేది కోటి రెట్లు ఉన్నా ఆశ్చర్యం లేదు. డాంగిల్‌లోని ట్యూనర్ 1090కే తిప్పి ఉన్నప్పటికీ, దాని మొదటి దశ వాకిలి చాలా వెడల్పు కాబట్టి ఆ హోరంతా లోపలికి వచ్చేస్తుంది. పెళ్ళిపందిట్లో నాదస్వరం పక్కనే కూర్చున్నవాడికి ఎదుటి వరుసలోని మాట వినపడనట్టే, దూరపు విమానం అక్కడ మునిగిపోతుంది.

అసలు జరుగుతున్నది ఇదేనా అని పైసా ఖర్చు లేకుండా తెలుసుకోవచ్చు. డాంగిల్ గెయిన్‌ను (సంకేతాన్ని పెంచే మోతాదును) గరిష్ఠమైన 49.6 డెసిబెల్ దగ్గర ఉంచి పది నిమిషాలు సందేశాల లెక్క చూడండి. ఆ తర్వాత ఒక్కొక్క మెట్టు దించుతూ మళ్ళీ చూడండి. గెయిన్ తగ్గించిన కొద్దీ సందేశాలు పెరిగితే మీ ట్యూనర్ ఉక్కిరిబిక్కిరి అవుతున్నట్టే. అయితే మీరు విమానాశ్రయానికి కూతవేటు దూరంలో ఉన్నారు కాబట్టి ఇక్కడొక చిక్కు ఉంది. తలమీదుగా దిగే విమానం 1090 మీదే గట్టిగా మాట్లాడుతుంది. దాన్ని ఆపగల ఫిల్టర్ లోకంలో లేదు, ఎందుకంటే మనకు కావలసింది కూడా అదే పౌనఃపున్యం. ఆ పోటుకు గెయిన్ తగ్గించడం ఒక్కటే మందు. అతి బలమైన సందేశాలు మొత్తంలో నూటికి ఐదుకు మించకుండా గెయిన్ పెట్టుకోవడం ఈ రంగంలో అనుభవజ్ఞుల అలవాటు.

ఇంకొక పరీక్ష కూడా చేయండి. ఆ ఎనభై కిలోమీటర్ల హద్దు అన్ని దిక్కులా ఉందా, ఒక వైపేనా? 35,000 అడుగుల ఎత్తున పోయే విమానం, అడ్డేమీ లేకపోతే, పదిహేను మీటర్ల ఎత్తులో ఉన్న యాంటెన్నాకు దాదాపు 440 కిలోమీటర్ల వరకు కనిపించాలి. అదే విమానం ఎనభై కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు క్షితిజం నుంచి ఏడు డిగ్రీల ఎత్తున ఉంటుంది. యాభై మీటర్ల అవతల మీ యాంటెన్నా కంటే ఆరు మీటర్లు ఎత్తైన నీళ్ళ ట్యాంకు ఉన్నా ఆ ఏడు డిగ్రీలూ మూసుకుపోతాయి. హద్దు ఒక దిక్కుకే పరిమితమైతే దోషం గోడదే. ఎంత ఖరీదైన ఫిల్టర్ కొన్నా ఆ డబ్బు వృథా.

అన్ని దిక్కులా అదే హద్దు ఉంటే అప్పుడు మీ మూడు ఫిల్టర్ల మాట. ఫ్లైట్‌అవేర్ నీలం ఫిల్టర్ సుమారు 980 నుంచి 1150 మెగాహెర్ట్జ్ వరకు దారి ఇస్తుంది; సుంకం దాదాపు ఒకటిన్నర డెసిబెల్, అంటే లోపలికి వెళ్ళిన శక్తిలో నూటికి డెబ్భై పాళ్ళు బయటికి వస్తుంది. టవర్ బెడదకు ఇది చక్కగా సరిపోతుంది. వాకిలి వెడల్పు కనుక, విమానాశ్రయపు దూరమాపక పరికరం డీఎంఈ పల్సులను, రాడార్ విమానాలను ప్రశ్నించే 1030 మెగాహెర్ట్జ్‌ను ఇది ఆపలేదు. యాంప్లిఫయర్ల లోపల ఉండేది సాధారణంగా సా ఫిల్టర్. గోరంత స్ఫటిక పలక మీద దువ్వెన పళ్ళ లాంటి లోహపు గీతలు ఉంటాయి. విద్యుత్ సంకేతం అక్కడ పలక ఉపరితలం మీద పాకే ధ్వనితరంగంగా మారి, మళ్ళీ విద్యుత్తుగా బయటపడుతుంది. వాకిలి చాలా ఇరుకు, ధర తక్కువ, సుంకం మాత్రం రెండు నుంచి మూడు డెసిబెల్లు. క్యావిటీ ఫిల్టర్ అంటే మరలు తిప్పి శ్రుతి చేసే బోలు లోహపు పెట్టె. బాగా చేసినదైతే ఒక్క డెసిబెల్ కంటే తక్కువే పుచ్చుకుంటుంది. కానీ బరువు, ధర, కింద పడితే శ్రుతి తప్పడం అనే బాధలున్నాయి. ఇంటి డాబా మీద సరదాకు అది ఏనుగును కట్టేసుకున్నట్టు అని నా అభిప్రాయం.

మూడింటిలో ఏది అన్న దానికంటే, దాన్ని ఏ వరుసలో పెడుతున్నారన్నదే ఎక్కువ తేడా తెస్తుంది. ఒక డెసిబెల్ రొద (పరికరం తనంతట తాను సంకేతానికి కలిపే గోల), ఇరవై డెసిబెల్ల గెయిన్ ఉన్న యాంప్లిఫయర్‌ను యాంటెన్నా పక్కనే పెట్టి, దాని వెనక రెండున్నర డెసిబెల్ల సా ఫిల్టర్‌ను, ఆ పైన డాంగిల్‌ను పెడితే మొత్తం వ్యవస్థ రొద సుమారు 1.1 డెసిబెల్. అదే సా ఫిల్టర్‌ను యాంప్లిఫయర్ ముందుకు తెస్తే అది మూడున్నరకు చేరుతుంది. ఆ రెండున్నర డెసిబెల్ల తేడా, అడ్డు లేని చోట, అందే దూరంలో దాదాపు నాలుగో వంతు తినేస్తుంది. కాబట్టి పుస్తకం ప్రకారం యాంప్లిఫయరే ముందుండాలి. కానీ పుస్తకం రాసినవాడి ఎదురు డాబా మీద టవర్ లేదు! మీ చోట యాంప్లిఫయరే ఆ హోరుకు మొదట ఉక్కిరిబిక్కిరి అవుతుంది. అక్కడ పాడైన సంకేతాన్ని వెనక ఉన్న ఏ ఫిల్టరూ బాగుచేయలేదు. ఫ్లైట్‌అవేర్ ప్రో స్టిక్ ప్లస్ అనే డాంగిల్‌లోనూ ఫిల్టర్ యాంప్లిఫయర్ వెనకే ఉంటుంది కనుక, టవర్ పక్కన అది ఒక్కటే చాలదు.

మీ వరకు నా సలహా ఇది. డాబా మీదే, యాంటెన్నా కిందే, తక్కువ సుంకం గల నీలం ఫిల్టర్‌ను పెట్టి, దాని వెనక సా ఫిల్టర్ గల యాంప్లిఫయర్‌ను పెట్టండి. మొదటిది టవర్‌ను అడ్డుకుంటుంది, రెండవది 1030ని, మిగిలిన చెత్తను ఊడుస్తుంది. వాటి కంటే ముందు మీ ఆర్‌జీ-58 కేబుల్‌ను తీసేయండి. ఈ పౌనఃపున్యం దగ్గర పది మీటర్ల ఆర్‌జీ-58 సుమారు ఆరు డెసిబెల్లు, అంటే శక్తిలో ముప్పాతిక భాగం, మింగేస్తుంది. డిష్ టీవీకి వాడే ఆర్‌జీ-6 కేబుల్ రెండు డెసిబెల్లతో సరిపెట్టుకుంటుంది. అది 75 ఓములది, మన పరికరాలు 50 ఓములవి అన్న భయం వద్దు. ఆ పొంతన లేకపోవడం వల్ల పోయేది డెసిబెల్‌లో అయిదో వంతు కూడా ఉండదు. కేబుల్, దానికి తగిన కనెక్టర్లు రిచ్చీ స్ట్రీట్‌లో దొరుకుతాయి. కేబుల్ మార్చాక వారం రోజులు చూసి, అప్పటికీ చాలకపోతేనే మిగిలినవి కొనండి.

ప్రశ్న: సార్, నేను పెరంబూరులో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఒక ఫిల్టర్‌ను ఆదివారం, మరొకదాన్ని సోమవారం పెట్టి చూశాను. సోమవారం పెట్టినది ఎక్కువ సందేశాలు ఇచ్చింది, గరిష్ఠ దూరం కూడా నలభై కిలోమీటర్లు పెరిగింది. రెండవదే మంచిదని నిర్ణయించుకోవచ్చా?
(ఒక విద్యార్థి, చెన్నై)

జవాబు: నిర్ణయించుకోకూడదు. మీరు పోల్చినవి రెండు రోజుల ఆకాశాలు. ఆకాశంలో విమానాల సంఖ్య గంట గంటకూ మారుతుంది. గరిష్ఠ దూరాన్ని అసలే నమ్మవద్దు: వేసవిలో బంగాళాఖాతం మీద వేడిగాలి, చల్లగాలి పొరలు పొరలుగా నిలిచినప్పుడు రేడియో తరంగాలు వాటి మధ్య వంగి, మామూలుగా అందని దూరాల నుంచి కూడా వస్తాయి. అలాంటి సాయంత్రం తుప్పు పట్టిన మేకును తగిలించినా రికార్డు దూరం చూపిస్తుంది.

సరైన పద్ధతి ఇది. ఒకే యాంటెన్నా నుంచి స్ప్లిటర్ ద్వారా ఒకే రకం డాంగిల్స్ రెండింటికి సంకేతం పంచి, ఒక దారిలో ఒక ఫిల్టర్‌ను, రెండో దారిలో ఇంకో ఫిల్టర్‌ను పెట్టి, ఒక గంట తర్వాత ఫిల్టర్లను అటూ ఇటూ మార్చండి. మార్చినప్పుడు గెలుపు కూడా ఫిల్టర్‌తో పాటు అటు వెళితే గొప్పతనం ఫిల్టర్‌ది. ఉన్నచోటే ఉండిపోతే డాంగిల్‌ది. స్ప్లిటర్ మూడు డెసిబెల్లకు పైగా తగ్గిస్తుంది గాని, ఇద్దరికీ సమానంగానే తగ్గిస్తుంది కాబట్టి పోలికకు భంగం లేదు. ఒకే డాంగిల్ ఉంటే పదేసి నిమిషాలకు ఒకటి చొప్పున మార్చి మార్చి, కనీసం ఆరేడు విడతలు చూడండి. ప్రతి ఫిల్టర్‌కూ దానికి తగిన గెయిన్‌ను విడిగా వెతికి పెట్టాలన్నది మరవవద్దు. ఒకదానికి కుదిరిన గెయిన్‌తోనే రెండవదాన్ని పరీక్షించడం అన్యాయం. లెక్కలో మొత్తం సందేశాల కంటే, రెండు వందల కిలోమీటర్ల అవతలి విమానాల నుంచి వచ్చినవాటిని చూడండి. దగ్గరి విమానాలు ఫిల్టర్ ఎలా ఉన్నా వినిపిస్తూనే ఉంటాయి.

మీ కాలేజీ ప్రయోగశాలలో, ఏ పౌనఃపున్యం ఎంత దాటుతోందో గీసి చూపే చిన్న పరికరం నానోవీఎన్‌ఏ ఉంటే ఫిల్టర్ వాకిలిని తెర మీదే చూడవచ్చు. అయితే మామూలు నానోవీఎన్‌ఏ 300 మెగాహెర్ట్జ్ దాటాక హార్మోనిక్స్ (మూల పౌనఃపున్యపు గుణిజాలు) మీద ఆధారపడుతుంది, పైకి పోయిన కొద్దీ దాని చూపు మందగిస్తుంది. 1090 దగ్గర సుంకం ఎంతో చూసుకోవడానికి పనికొస్తుంది గాని, ఫిల్టర్ ఎంత లోతుగా అడ్డుకుంటోందో తేల్చడానికి దాన్ని నమ్మవద్దు.

ప్రశ్న: నమస్కారమండీ. డాబా మీద యాంప్లిఫయర్ పెట్టుకుని డాంగిల్ నుంచి కేబుల్ ద్వారానే కరెంటు ఇస్తున్నాను. మొన్న కింద డాంగిల్ దగ్గర కొత్తగా సా ఫిల్టర్ తగిలించగానే విమానాలు దాదాపు అన్నీ మాయమయ్యాయి. ఫిల్టర్ తీసేస్తే మళ్ళీ వస్తున్నాయి. ఫిల్టర్ చెడ్డదా?
(ఒక పాఠకురాలు, తిరువాన్మియూర్, చెన్నై)

జవాబు: ఫిల్టర్ నిక్షేపంగా ఉందమ్మా. సా ఫిల్టర్ గుండా నేరు విద్యుత్తు పోదు. మీ డాంగిల్ కేబుల్‌లోకి పంపే నాలుగున్నర వోల్టులు ఫిల్టర్ దగ్గరే ఆగిపోయి, పైనున్న యాంప్లిఫయర్ ఆకలితో నిద్రపోతోంది. నిద్రపోయిన యాంప్లిఫయర్ సంకేతాన్ని కూడా దాటనివ్వదు. ఆ ఫిల్టర్‌ను యాంప్లిఫయర్‌కూ యాంటెన్నాకూ మధ్య, పైన పెట్టండి. కిందే ఉంచాలనుకుంటే, ఫిల్టర్‌కు పైవైపున విడిగా ఒక బయాస్ టీ (సంకేతం వచ్చే కేబుల్‌లోకే కరెంటును కలిపే చిన్న పరికరం) పెట్టి అక్కడి నుంచి కరెంటు ఇవ్వండి. ఈ పొరపాటు నేనూ చేశాను. యాంటెన్నాదే తప్పనుకుని మే నెల ఎండలో రెండు రోజులు ట్యాంకు నిచ్చెన ఎక్కి దిగాక, మీటరు పెట్టి చూస్తే పైన వోల్టేజీ సున్నా.

మీరు సముద్రానికి దగ్గరగా ఉన్నారు కాబట్టి, ఎలాగూ డాబా ఎక్కుతారు గనుక, యాంటెన్నా కనెక్టర్‌ను కూడా ఒకసారి విప్పి చూడండి. నడిమి పిన్ను మీద పచ్చటి చిలుము కనిపిస్తే ఆ కనెక్టర్‌ను కోసేసి కొత్తది వేసి, తనకు తానే అతుక్కుపోయే రబ్బరు టేపును కింద నుంచి పైకి, పొర మీద పొర వచ్చేలా చుట్టండి.