మీ ముందు గది నెల అద్దె ఎంతో లెక్కేశారా?

ప్రశ్న: మాది బరంపురం. మా ఆయన ప్రైవేటు స్కూల్లో గుమాస్తా, జీతం 24,000. నేను జాకెట్లు కుట్టి నెలకు 11,000 దాకా తెస్తాను. మూడు గదుల అద్దె ఇల్లు, సుమారు 600 చదరపు అడుగులు, అద్దె 7,500. ఫైలిన్ తుఫాను వచ్చి వెళ్లినప్పటి నుంచి ఆయన కంటికి కనబడిందల్లా ఇంటికి మోసుకొస్తున్నారు. ప్లాస్టిక్ డ్రమ్ములు, పాత బ్యాటరీలు, అట్టపెట్టెలు, వైర్ల కట్టలు, ఖాళీ హార్లిక్స్ సీసాలు. మొన్న భోగికి పక్కవాళ్లు మంటలో వేద్దామని బయటపెట్టిన కుర్చీని కూడా అడిగి తెచ్చుకున్నారు! ముందు గది నిండిపోయి నా మిషన్‌కు చోటు లేక, వీధి చివర 2,500కి వేరే గది తీసుకున్నాను. ఇదంతా రెండు లక్షల సరుకు అంటారాయన. పాప ఏడో తరగతి, చదువుకని ఒక్క రూపాయి వెనకేయలేదు. ఆయన స్కూలుకెళ్లిన పూట కబాడీవాలాను పిలిచి ఇచ్చేయనా సార్?

జవాబు: అమ్మా, కుర్చీ సంగతి చదివి నవ్వొచ్చింది, ఏమనుకోకండి. మా అటక మీదా తిరగని టేబుల్ ఫ్యాను ఒకటుంది. బాగు చేయిద్దామని పెట్టి పదేళ్లయింది.

ముందు మీ చివరి ప్రశ్నకు జవాబు చెప్తాను. ఇవ్వకండి. ఆయనకు తెలియకుండా ఒక్క సీసా బయటికి పోయినా, రేపటి నుంచి ఇంకో రెండు తెస్తారు, వాటికి తాళం కూడా వేస్తారు. ఆ మీదట మీరు ఏ డబ్బు లెక్క ఎత్తినా "నా సామాను అమ్మేసినదానివి" అనే మాట దగ్గరే ఆగిపోతుంది.

దానికి బదులు ఒక సాయంత్రం కాగితం, పెన్ను తీసుకుని ఇద్దరూ కూర్చోండి. 7,500 అద్దెను 600తో భాగిస్తే చదరపు అడుగుకు పన్నెండున్నర రూపాయలు. ముందు గది పదికి పన్నెండు ఉంటుందనుకుంటే 120 అడుగులు. అంటే ఆ సామాను మీ ఇంట్లో నెలకు 1,500 అద్దెకు ఉంటోంది, కట్టేది మీరు. దానివల్ల మీరు బయట తీసుకున్న గది 2,500. కలిపి 4,000, ఏడాదికి 48,000. రెండు లక్షల సరుకన్నది నిజమే అనుకున్నా, నాలుగేళ్లు దాటేసరికి దాని ఖరీదంతా అద్దెకే చెల్లిపోతుంది. మీరు చెప్పిన సామాన్లను బట్టి చూస్తే అది రెండు లక్షలు కాదు. కొన్నప్పటి ధర ఆయన మనసులో ఉంది, కబాడీవాలా చేతిలో ఉన్నది తక్కెడ.

అయితే ఈ 4,000లో 1,500 మీ చేతికి వచ్చేది కాదు, గది ఖాళీ అయినా ఇంటి ఓనరు అద్దె తగ్గించడు. చేతికి వచ్చేది 2,500 మాత్రమే. అదీ తక్కువేం కాదు. పోస్టాఫీసు ఆర్డీలో, అంటే నెలనెలా కట్టే డిపాజిట్‌లో, 6.7 శాతం వడ్డీ అనుకుని నెలకు 2,500 వేస్తే అయిదేళ్లకు సుమారు 1,78,000 అవుతుంది. అప్పటికి పాప ప్లస్ టూ చివర్లో ఉంటుంది.

ఇక ఆయన సంగతి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మీరు ఆ ఊళ్లోనే ఉన్నారు కాబట్టి నేను చెప్పాల్సింది లేదు. కరెంటు లేదు, నీళ్లు లేవు, కొవ్వొత్తికి వరస. అయిదేళ్లకు తిత్లీ వచ్చి ఇటు పలాసనూ అటు గజపతి జిల్లానూ ఊడ్చేసింది. ఆయన డ్రమ్ము తెచ్చిన ప్రతిసారీ ఆ రాత్రికి మందు తెస్తున్నారు. భయం తప్పు కాదమ్మా, మందే తప్పు. పన్నెండు ఖాళీ డ్రమ్ములున్నా గాలివాన రోజు పనికొచ్చేవి నీళ్లు నింపిన రెండే.

అందుకని ఆయన భయానికి ఒక అల్మరా పూర్తిగా రాసిచ్చేయండి. టార్చి, పవర్ బ్యాంకు, అటుకులు, బెల్లం, మందులు, ప్లాస్టిక్ కవర్లో ఆధార్, పాసుపుస్తకాలు, చిన్న నోట్లలో ఓ అయిదు వేలు. కరెంటు పోతే ఏటీఎం పనిచేయదు, ఫోన్‌పే కూడా అంతే. అల్మరా తాళం ఆయన దగ్గరే ఉండనివ్వండి. రెండోది, భారత్ గృహ రక్ష అనే పాలసీ. 2021 ఏప్రిల్ నుంచి సాధారణ బీమా కంపెనీలు అమ్ముతున్నాయి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు కూడా సామాను వరకే తీసుకోవచ్చు. తుఫాను, వరద, అగ్నిప్రమాదం అన్నీ అందులోకి వస్తాయి. రెండు మూడు లక్షల సామానుకు ప్రీమియం ఏడాదికి వందల్లోనే. "పోతే మళ్లీ ఎవరిస్తారు" అన్న మాటకు కాగితం మీద జవాబు దొరికితే, ఆయన చెయ్యి కాస్త వదులవుతుంది.

తీయడం మొదలుపెట్టేది బ్యాటరీలతో. పాత కాగితాలు, అట్టల పక్కన అవి ఉండటం నాకు భయంగా ఉంది. ఇన్వర్టరు, బండి బ్యాటరీలైతే వాటిలో సీసం ఉంటుంది కాబట్టి బ్యాటరీ షాపువాడు బరువు చూసి డబ్బులిస్తాడు, ఆయనకీ "ఊరికే పోలేదు" అన్న తృప్తి మిగులుతుంది. కంచు, ఇత్తడి, రాగి పాత్రలుంటే అమ్మకండి, పక్కన పెట్టండి. కాగితాల కట్టలు ఒక్కొక్కటీ విప్పి చూడకుండా ఇవ్వొద్దు. ఇలాంటి గదుల్లో ఎల్ఐసీ బాండ్లు, అత్తగారి పాత పాసుపుస్తకాలు దొరకడం నేను చూశాను. పదేళ్లుగా కదలని ఖాతా డబ్బు రిజర్వు బ్యాంకు నిధికి వెళ్తుంది కానీ, హక్కుదారు అడిగితే బ్యాంకు ఇవ్వాల్సిందే. ఏ బ్యాంకులో ఉందో తెలియకపోతే రిజర్వు బ్యాంకు వారి ఉద్గమ్ పోర్టల్‌లో పేరుతో వెతకవచ్చు. అలాంటి పాసుపుస్తకం ఒక్కటి దొరికినా, మిగతా కట్టలు విప్పడానికి ఆయనే ముందుకొస్తారు.

కబాడీ డబ్బు ఎంత వచ్చినా ఆయన పేరనే ఆర్డీ మొదటి వాయిదాగా వేయండి. మీ పేరన వద్దు.

కొత్త సరుకు సంగతి రెండు మాటల్లో: కంతుల మీద ఏదీ కొనకూడదు, వడ్డీ లేదన్నదానికి వడ్డీ ఎక్కడో ధరలోనే కలిసి ఉంటుంది. నెలకు 500 ఆయన ఇష్టం, దాని లెక్క మీరు అడగకూడదు.

ఇవన్నీ చేసినా ఒక్క వస్తువు కదపడానికి కూడా ఆయన ప్రాణం పోయినట్టు చేస్తుంటే, వంటగది, మంచం కూడా సామాను కిందికి వెళ్తుంటే, అది పొదుపు గుణమూ కాదు, మొండితనమూ కాదు. వైద్యులు 2013 నుంచి దీన్ని విడి జబ్బుగానే గుర్తిస్తున్నారు, చికిత్స ఉంది. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ వాళ్లు తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అడగరు. మీ ఊళ్లోనే ఎంకేసీజీ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది.

ఓ పట్టాన అయ్యే పని కాదు, దసరా దాకా గడువు పెట్టుకోండి. పండగ ముందు మీకు కుట్టు పని ఎక్కువ ఉంటుంది కాబట్టి, అప్పటికి మిషన్ ఇంటికి చేరితే మంచిది. వీధి చివర గది వాళ్లకు నెల ముందే చెప్పండి. వాళ్ల దగ్గర అడ్వాన్సు ఉంటే ఖాళీ చేసే రోజే అడిగి తీసుకోండి. ఆ కుర్చీ మాటంటారా, కాళ్లు గట్టిగా ఉంటే మిషన్ ముందు వేసుకోండి.