హమ్ పోలేదు, ఒంటికి జిమ్మంటోంది: ఇందులో ఉద్యోగం ఉందా?

ప్రశ్న: డిప్లొమా ఈసీఈ రెండో ఏడాది చదువుతున్నాను. ఫంక్షన్లకు సౌండ్ సిస్టం పెట్టే మా మామయ్య దగ్గర ఆంప్లిఫయర్లు రిపేర్ చేస్తుంటాను. ఒకదానికి మెయిన్స్ (కరెంటు లైన్) నాయిస్ ఫిల్టర్ బిగించాను. స్విచ్‌లు వేసినప్పుడు వచ్చే టప్‌మనే చప్పుడు తగ్గింది, హమ్ (స్పీకర్‌లో ఆగకుండా వచ్చే గుయ్‌మనే మోత) మాత్రం పోలేదు. పైగా ఆంప్లిఫయర్ బాడీ ముట్టుకుంటే జిమ్మంటోంది. ఈ ఆసక్తి ఉద్యోగానికి పనికొస్తుందా?

జవాబు: ముందు ఆ జిమ్మనడం సంగతి చూద్దాం. ఫిల్టర్‌లో ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి బాడీకి ఒక్కో వై కెపాసిటర్ ఉంటుంది. ఎర్త్ సరిగా ఉంటే వాటి లీకేజీ భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే బాడీ మీద 230 వోల్టులలో సగం దాకా నిలుస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ దెబ్బతిన్నా ఇలాగే అనిపించవచ్చు, అది ఇంకా ప్రమాదం. ఎర్త్ సరిచేసి, ఇన్సులేషన్‌ను మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పరీక్ష చేయించే వరకు దాన్ని ప్లగ్‌లో పెట్టకండి. మైకు పట్టుకునేది చిన్నపిల్లలు కూడా కావచ్చు.

హమ్ పోవాలని చాలామంది ఎర్త్ పిన్ తీసేస్తారు. దయచేసి మీరు ఆ పని చేయకండి. ఈ ఫిల్టర్ హమ్ కోసం పుట్టింది కాదు. అందులోని 5 మిల్లీహెన్రీల చోక్ (తీగచుట్ట) హమ్‌కి మూలమైన 50 హెర్ట్జ్ కరెంటుకి అడ్డుపడేది సుమారు 1.6 ఓమ్‌లే; దాని పనంతా కిలోహెర్ట్జ్‌లు, మెగాహెర్ట్జ్‌ల దగ్గర. మిక్సర్ కేబుల్ తీసి చూడండి. హమ్ ఆగితే గ్రౌండ్ లూప్ (రెండు పరికరాల ఎర్త్‌లు కేబుల్ ద్వారా కలిసి వలయం కావడం) అని అనుమానించాలి. బ్యాలెన్స్‌డ్ కేబులో, ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరో వాడాలి. ఆగకపోతే పవర్ సప్లైలో ఎండిపోయిన కెపాసిటర్లు చూడండి.

'ఇది తగ్గింది, అది ఎందుకు తగ్గలేదు' అని ఆగి అడిగారు చూడండి, ఈఎంసీ (పరికరాలు నాయిస్‌తో ఒకదాన్నొకటి ఇబ్బంది పెట్టకుండా చూసే రంగం) ఇంజినీర్ చేసే పని సరిగ్గా అదే. ఏ పరికరమైనా మెయిన్స్‌లోకి వెనక్కి పంపే నాయిస్‌ను సాధారణంగా 150 కిలోహెర్ట్జ్ నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా కొలుస్తారు. చెన్నై, విశాఖలలో కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సమీర్ కేంద్రాలు ఈ రంగంలోనే పనిచేస్తున్నాయి. నిజం చెప్పాలంటే ఒక్క ఆడియోనే నమ్ముకుంటే ఉద్యోగాలు తక్కువ. ఎస్‌ఎంపీఎస్‌లు (స్విచింగ్ పవర్ సప్లైలు), ఈవీ చార్జర్లు, వైద్య పరికరాలు, రక్షణ ఎలక్ట్రానిక్స్ తయారుచేసే చోట్ల ఈ నైపుణ్యం కావాలి.

డిప్లొమా కాగానే ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరండి. నెట్‌వర్క్ థియరీ, ఎలక్ట్రోమాగ్నెటిక్స్‌ను పరీక్ష కోసం బట్టీ పట్టకండి, ఈ రంగంలో రోజూ వాటితోనే పని. ఇప్పటి నుంచే ప్రతి రిపేర్‌కీ ఏ శబ్దం వచ్చింది, ఏది మార్చారు, ఏమైంది అని నోట్‌బుక్‌లో రాసుకోండి. ఇంటర్న్‌షిప్ అడగడానికి వెళ్లినప్పుడు మార్కుల మెమోతోపాటు దాన్నీ తీసుకెళ్లండి.